వదిన వేయించిన అడ్డకడ్డీ

మొన్న మా వదిన జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు ఆమెను గురించి పావుగంట మాట్లాడారు. శాంతస్వభావి అన్నారు. పెద్దల మాటకు ఏనాడూ ఎదురు చెప్పని ఇల్లాలు అన్నారు. ముందు వరసలో కూర్చున్న మా మేనల్లుళ్ళు తలలు వంచుకుని కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ పాస్టరుగారు కుర్రాడు, ఆయన్ని అనడానికేమీ లేదు. ఆయన వదినను చూసింది ఆఖరి రోజుల్లో, మాట పడిపోయి మంచం పట్టాక. కానీ పోయిన ఆడవాళ్ళందరికీ ఒకే కొలతతో కుట్టిన రవిక తొడిగి పంపించే అలవాటు మన వాళ్ళకు ఎప్పుడు పోతుందో నాకు తెలియదు. ఎనభై దాటినదాన్ని, ఇంక ఎవరి మొహమాటమూ అక్కర్లేదు గనక నేను ఎరిగిన వదినను గురించి నేనే రాస్తున్నాను. పేరు రాయను. ఆ పేరు మీద ఒకప్పుడు నెల్లూరులో చాలా మాటలు పడ్డాయి. మళ్ళీ దాన్ని ఆ నోళ్ళకు అందించడం నాకు ఇష్టం లేదు.

వదిన కారు నడిపేది. కూడికలో ఆ ముక్క ఒక్కరూ ఎత్తలేదు. అది మామూలు కారు కూడా కాదు. ఇద్దరు మాత్రమే పట్టే, పైకప్పు మడిచేసే, నేలకు బెత్తెడు ఎత్తులో ఉండే స్పోర్ట్స్ కారు. గూడూరు వైపు మైకా కంపెనీలో పనిచేసిన తెల్లదొర ఒకాయన సీమకు వెళ్ళిపోతూ, అక్కడే మేనేజరుగా ఉన్న మా అన్నకు ఇచ్చిపోయాడు. అన్న దాన్ని కొన్నాళ్ళు నడిపి, నడుం పట్టేస్తోందని పక్కన పెట్టాడు. వదిన తాళం చేతిలోకి తీసుకుంది. నేర్పించమని ఎవరినీ బతిమాలలేదు. దొర వదిలిపోయిన ఇంగ్లీషు మోటారు పత్రికల కట్ట ముందేసుకుని చదివింది. ఇంటి ఆవరణలో పూలకుండీల చుట్టూ తిప్పింది. ఒక కుండీ పగలగొట్టింది. ఆ తర్వాత రోడ్డెక్కింది.

ఎక్కే ముందు చెప్పులు విడిచి సీటు కిందకు తోసేది. వట్టి కాళ్ళతో తప్ప నడిపేది కాదు. కుచ్చిళ్ళు గుప్పెట పట్టి మోకాళ్ళ మధ్య దోపుకునేది. చివరగా కొంగు తల చుట్టూ తిప్పి గడ్డం కింద ముడి వేసేది. మా నాయన మిషను స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, చర్చిలో సంఘపెద్ద. ఆడది తల మీద ముసుగు లేకుండా వీధిలోకి రాకూడదనేది ఆయన పట్టు. వదిన ముడి బిగించుకుని, వరండాలో కూర్చున్న ఆయన వైపు తిరిగి, "ముసుగేసుకున్నా మామయ్యా, చూసుకోండి" అని చెప్పి మరీ ఇంజను స్టార్ట్ చేసేది. ఆయన ముక్కుపొడి డబ్బీ తీసి, చూడనట్టు పీల్చుకునేవాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక మగవాళ్ళు ఆ కారు చుట్టూ మూగేవాళ్ళు. అడిగేది మాత్రం అన్నను. "ఎంత స్పీడు పోతుంది సార్?" అని ఒకాయన, "మలుపుల్లో ఎట్లుంటుంది?" అని ఇంకొకాయన. అన్న నవ్వి వదిన వైపు చూసేవాడు. "ఆయన్ని అడిగితే ఏం తెలుస్తది? ఆయన పక్కన కూర్చోని కండ్లు మూసుకోనుంటాడు" అనేది వదిన. ఆడవాళ్ళకి ఇదంతా ఎందుకని ఎవరైనా గొణిగితే ఆమె దగ్గర ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. "చెప్పేవాళ్ళు చెప్తా ఉండండి. నడిపేదాన్ని నేను నడుపుతా ఉంటా." కోపంగా కాదు, కూరగాయల బేరం ముగించినట్టు అనేసి కదిలిపోయేది.

వంటింట్లో వంకాయల బుట్టలో స్పానర్లు దొరికేవి. మా అమ్మ వాటిని రెండు వేళ్ళతో ఎత్తి కిటికీలో పెట్టేది. సాయంత్రానికి అవి మళ్ళీ బుట్టలోకి వచ్చేవి. చేపల పులుసులోకి చింతపండు పిసికే చేతి గోళ్ళ చివర నల్లటి గీత ఎప్పుడూ ఉండేది. ఆ పులుసు తిని ఎవరూ చావలేదని ఇక్కడ రాసి పెడుతున్నాను.

శనివారాలు నేను పాఠం చెప్పే ఆడపిల్లల బడి ఒంటిపూటే. వదినా నేనూ మైపాడు వెళ్ళి, పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు చేపలు కొనుక్కుని వచ్చేవాళ్ళం. అలా వస్తున్న ఒక శనివారం, ఇందుకూరుపేట దాటాక కాలవ పక్కన ఎడమకు తిరిగే మలుపులో మేం వరిమడిలో పడ్డాం. ఆ కారుకు ఒక జబ్బు ఉండేది. మలుపు తిరిగితే బయటి వైపుకు బాగా ఒరిగిపోయేది. ఎడమకు తిప్పితే కుడికి వాలి, ఎడమ సీటులో ఉన్న మనిషిని తీసుకెళ్ళి నడిపే మనిషి మీద పడేసేది. ఆ రోజు ఒళ్ళో వంజరం చేపల బుట్టతో సహా నేను వదిన చేతి మీద పడ్డాను. పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు. స్టీరింగు ఆమె చేతిలోంచి జారింది. ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు గానీ, బురదలోంచి కారును లాగడానికి ఒక జత ఎద్దులు కావాల్సి వచ్చింది. మేం ఇల్లు చేరేలోపే సంగతి చేరింది.

మా నాయన కేకలు వేసే రకం కాదు. భోజనాల దగ్గర చాలా మామూలుగా, "ఆ కారు అమ్మేద్దాం. మద్రాసులో బ్రోకరున్నాడు, జాబు రాస్తా" అన్నాడు.

"ఎందుకు మామయ్యా?"

"నీ చేతికి బండి అచ్చిరాలేదు. సంఘంలో అందరూ అంటా ఉండారు."

"నా చేతిలో తప్పు లేదు. ఆ కారు ఒరుగుతా ఉండాది."

"పరీక్ష తప్పిన పిల్లకాయలు అందరూ పేపరు కష్టంగా వచ్చిందనే చెప్తారమ్మా."

అన్న అన్నం కలుపుకుంటూ, "పోనీలే, ఊరుకోరాదా" అన్నాడు వదినతో. ఆమె ఊరుకోలేదు. కారు పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఎక్కడికి వెళ్ళాలన్నా మగతోడు అడగాలి, గుడ్డ కట్టిన రిక్షాలో ముడుచుకుని కూర్చోవాలి. దానికన్నా ఆమెకు మింగుడుపడనిది ఇంకొకటి ఉంది. ఆడదాని చేతిలో పెట్టారు గనకే కారు మడిలో పడిందని ఊరు తీర్మానించేసింది. కారు అమ్మేస్తే ఆ తీర్మానానికి మా ఇంటివాళ్ళు సంతకం పెట్టినట్టే.

"ఒక నెల ఆగండి. ఒరగకుండా చేయిస్తా. మీరే పక్కన కూర్చోండి" అంది.

నాయన ముద్ద కలపడం ఆపాడు. "కూర్చుంటా. అదే మలుపు. నేను భయపడి తలుపు పట్టుకున్నానంటే కారు అమ్మేదే. ఇంక మాట లేదు."

"సరే" అంది వదిన, ఆయనకు మజ్జిగ పోస్తూ.

ఆ మర్నాడు డాబా మీద ఇద్దరం తడి దుప్పటి పిండుతున్నాం. నేను ఒక కొస, ఆమె ఒక కొస. సగం మెలిపెట్టాక ఆమె ఆగిపోయింది. "చూడమ్మాయ్, నేను తిప్పితే నీ చేతికి తెలుస్తా ఉండాదా? కారు కింద ముందు చక్రాలు రెండింటికీ మధ్యలో ఇట్లాంటి అడ్డకడ్డీ ఒకటుంది. మలుపులో బయటి చక్రం మీద బరువు పడితే కడ్డీ మెలిపడతది. నేనంత మెలిపడను అని అవతలి చక్రాన్ని కూడా పట్టి లాగుతది. అందుకని బండి ఒక పక్కకే వాలకుండా ఉంటది. దొర కారులో ఉండేది చిటికెన వేలంత సన్నం. లావుది వేస్తే ఒరుగుడు తగ్గుతదని పుస్తకంలో రాసినారు." ఆ కబుర్లలో పడి దుప్పటి సరిగ్గా పిండనే లేదు. సాయంత్రం దాకా ఆరలేదు.

లారీల షెడ్ల దగ్గర కొలిమి పెట్టుకున్న సాయిబుగారు ఒకాయన మైకా గనులకు గునపాలు చేసి ఇచ్చేవాడు. ఆయన గునపం వంగిందని ఎవరూ అనగా వినలేదని అన్న చెప్పేవాడు. వదిన నన్ను వెంటపెట్టుకుని అక్కడికి వెళ్ళింది. పాత కడ్డీ చూపించి, "ఇట్లాంటిదే కావాల మేస్త్రీ. ఇంకా లావుగా, గట్టిగా. వంగకూడదు" అంది.

"వంగితే నా కొలిమి ఆర్పేసుకుంటానమ్మా" అన్నాడు ఆయన. అన్నట్టే చేశాడు. గునపం కాల్చినట్టే ఎర్రగా కాల్చి, గునపాన్ని ముంచినట్టే నీళ్ళలో ముంచాడు. లావు కూడా గునపమంతే. నల్లగా నిగనిగలాడుతూ ఎంతో బాగుంది. ఇద్దరూ దాన్ని పెళ్ళికూతుర్ని చూసినట్టు చూసి మురిసిపోయారు.

పరీక్షించడానికి మేమిద్దరమే వెళ్ళాం. మొదటి మలుపులో కారు ఒరగలేదు. నేను బల్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. కానీ కారు సరిగా తిరగనూ లేదు. వదిన ఎంత తిప్పినా ముందు భాగం నేరుగానే పోతానంది. "లావు ఎక్కువైంది. ముందు చక్రాలు పట్టు వదిలేస్తా ఉండాయి" అని ఆమె వేగం తగ్గించింది. అంతలో ఒక చక్రం గుంతలో పడింది. ఒక వైపు పడితే రెండు వైపులా దడదడలాడింది. కింద ఠంగుమని శబ్దం. దిగి చూస్తే కడ్డీ రెండు ముక్కలు.

ఆ ముక్కలు ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వస్తుంటే నాకు ఏడుపొచ్చింది. వదినకు రాలేదు. వరండాలో నాయన ఆ ముక్కలు చూసి, ముక్కుపొడి డబ్బీ తీశాడు. ఆమె తిన్నగా కొలిమి దగ్గరికే నడిచింది. మేస్త్రీ కడ్డీ విరిగిన చోటును వెలుతురులో పెట్టి చూశాడు. లోపల రాళ్ళుప్పులా మెరుస్తోంది.

"నా గునపం విరగడం నేను ఎన్నడూ చూళ్ళేదమ్మా" అన్నాడు చిన్నబోయి.

"గునపాన్ని ఎవరూ మెలిపెట్టరు గదా మేస్త్రీ. దీన్ని మలుపు మలుపుకీ మెలిపెడతాం. వంగకూడదని చెప్పింది నేను. అది తప్పు. మెలిపడి మళ్ళీ తన చోటికి రావాల."

"అట్లయితే ఇది గునపం కాదు, బరువుకి వంగి లేచే లారీ కమాను సంగతి" అన్నాడు ఆయన. "దానికి ఉక్కు వేరే. నీళ్ళు కూడా పనికిరావు, నూనె కావాల."

నూనె మా వంటింట్లోంచి పోయింది. ఒక డబ్బా వేరుశనగ నూనె ఏమైందని మా అమ్మ వారం రోజులు వెతికింది. ఈసారి కడ్డీ మొదటిదానికన్నా సన్నం, దొర కడ్డీకన్నా కాస్త లావు. నూనెలో ముంచి, మళ్ళీ సెగ చూపించి మెత్తబరిచాడు. ఆ పనంతా వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటూనే చేశారు. ఈ కథ ఎక్కడ చెప్పినా, అవును, మనిషి కూడా వంగి లేవాలి అని ఎవరో ఒకరు నీతి తీయబోతారు. వాళ్ళకు ముందే చెబుతున్నాను. వంగింది కడ్డీ. మా వదిన వంగలేదు.

పరీక్ష రోజు కారులో రెండు సీట్లూ వాళ్ళిద్దరికే సరిపోయాయి. అన్నా నేనూ ముందే బస్సులో వెళ్ళి ఆ మలుపు దగ్గర దిగాం. కోతల కాలం. మలుపు పొడుగునా రోడ్డు మీద వరి పనలు పరిచేసి ఉన్నాయి. బస్సులూ బండ్లూ వాటి మీదుగా పోతే గింజ రాలుతుంది, నూర్చే శ్రమ తప్పుతుంది. మా వైపు ఏటా చేసేదే. అన్న వెళ్ళి కాస్త పక్కకు తీయమని అడిగితే, "ఇప్పుడే పరిచినాం సారూ, రెండు బస్సులు పోనీండి" అన్నాడు రైతు.

అంతలో పొలాల అవతల కారు కనిపించింది. ఇటు రావడానికి ముందు అక్కడ ఇంకో ఎడమ మలుపు ఉంది. ఆ మలుపును వదిన ఎంత వేగంగా తిరిగిందంటే నేను అన్న చెయ్యి పట్టుకున్నాను. కారు ఒరగలేదు. నాయన మలుపు మధ్యలో, రెండు చేతులతో డబ్బీ తెరిచి ముక్కుపొడి తీసుకుంటున్నాడు. ఇది నా కళ్ళతో చూశాను. అన్న కూడా చూశాడు. అన్న కళ్ళు మూసుకోకుండా చూసిన మలుపు అదొక్కటే.

తర్వాత ఆమె పనలు చూసింది. వేగం తగ్గించింది. తగ్గించి, ఇంకా తగ్గించి, ఎద్దుబండి నడకలో మా పక్కకు వచ్చి ఆపింది.

"ఏమి, ఆపేసినావే?" అన్నాడు నాయన.

"గడ్డి ఉండాది మామయ్యా."

"నీ కడ్డీ ఉంది గదా?"

"కడ్డీ ఒరుగుడుకి. జారుడుకి కాదు. గడ్డి మీద చక్రానికి నేలే దొరకదు, ఏ కడ్డీ వేసినా అంతే."

"అదే మలుపు అని మాటనుకున్నాం."

"అనుకున్నాం. గడ్డి మీద పోనియ్యను. మీరు పక్కన లేకపోయినా పోనియ్యను."

నాయన కారు దిగి కండువా దులుపుకున్నాడు. "పరీక్ష రాయకుండా లేచి వచ్చినావు. నేను సున్నా వేయక తప్పదు" అన్నాడు. అన్యాయం అనడానికి నేను నోరు తెరిచాను. వదిన నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. తిరిగి వెళ్ళేటప్పుడు నాయన బస్సెక్కాడు, నేను కారెక్కాను. కొంచెం వేగంగా పోయి ఉంటే పోయేదేముందని గొడవ పెట్టుకున్నాను. "ఆయన్ని కాలవలో పడేస్తే నేను గెలిచినట్టా? నా చేతికి తెలివుందని చూపించడానికి తెలివితక్కువ పని చేయమంటావా?" అంది. ఆ మాటలంటున్నప్పుడు ఆమె కళ్ళు నిండాయి. ఆమె కంట నీళ్ళు నేను చూడడం అదే మొదలు.

బ్రోకరు మద్రాసు నుంచి దిగిన రోజు, తెల్లవారి లేచేసరికి వదిన చాప పరుచుకుని కారు కింద పడుకుని ఉంది. పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

"ఏం చేస్తా ఉండావు?" అని అడిగాడు నాయన.

"నా కడ్డీ ఊడదీసుకుంటా ఉండా. దొర ఇచ్చిన కారు మీరు అమ్ముకోండి. దీన్ని నేను చేయించుకున్నా. పాతది బిగించే ఇస్తాలే."

బ్రోకరు నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న పెద్దమనిషి. నడిపి చూస్తానన్నాడు. ముక్కూ మొహం తెలియని వాడి చేతికి బండి ఒంటరిగా ఇవ్వడం నాయనకు ఇష్టం లేదు. దారి చూపిస్తానని తానే పక్క సీటులో కూర్చున్నాడు. మైపాడు రోడ్డునే పట్టించాడు.

తిరిగి వచ్చాక ముందు తుమ్ములు వినిపించాయి. తర్వాత మనుషులు దిగారు. బ్రోకరు తెల్లచొక్కా నిండా ముక్కుపొడి. నాయన కళ్ళజోడు ఒక చెవికి వేలాడుతోంది. "బండి బాగా ఒరుగుతా ఉండాది సార్. మీరు వచ్చి నా మీదనే పడితిరే. రేటు తగ్గించి మాట్లాడుకోవాల" అన్నాడు బ్రోకరు తుమ్ముల మధ్య.

నాయన కళ్ళజోడు సరిచేసుకున్నాడు. అమ్మను పిలిచి ఆయనకు కాఫీ ఇమ్మన్నాడు. కాఫీ తాగాక, "మీకు శ్రమ ఇచ్చినాం. కారు అమ్మడం లేదు" అని చెప్పి పంపించేశాడు.

వదిన పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నాయన వెళ్ళి ఆమె వెనకాల నిలబడ్డాడు. "ఆ కడ్డీ బిగించమ్మా."

"ఎందుకు మామయ్యా?"

"వాడు నీకంటే మెల్లగానే నడిపినాడు. తలుపు పట్టుకుందామన్నా అందలేదు నాకు."

"ఆ శనివారం మీ కూతురికీ అందలేదు."

వంటింటి గుమ్మంలో అమ్మ, బావి దగ్గర అన్న, నేను ఎక్కడివాళ్ళం అక్కడే ఆగిపోయాం.

"అయితే ఆ పొద్దు తప్పు ఎవరిది మామయ్యా?" అంది వదిన. చేతిలో తడి లంగా అలాగే ఉంది.

"నీది కాదు."

"ఆదివారం చర్చి బయట కూడా చెప్తారా? అక్కడే గదా అందరూ అన్నది."

జీవితమంతా మార్కులు వేసిన మనిషి. వేసిన మార్కు కొట్టేసి మళ్ళీ వేయడం ఆయన ఎరగడు. దండెం మీద జారుతున్న తువ్వాలు ఒకటి సరిచేశాడు. "చెప్తా" అన్నాడు. చెప్పాడు కూడా. కారు చుట్టూ మూగిన మగవాళ్ళ మధ్య నిలబడి, క్లాసులో చెప్పినట్టు గొంతెత్తి, నా కోడలి చేతిలో తప్పు లేదు, నేనే తొందరపడినా అన్నాడు. అది ఆదివారం సంగతి.

ఆ రోజు మాత్రం వదిన బట్టలు ఆరేయడం ముగించి చాప పరిచింది. కారు కిందకు దూరి, "ఒకరు ఆ కొస పట్టుకోండి" అంది. నేను కదిలేలోపే నాయన పంచె ఎగదోపుకుని గొంతుక్కూర్చుని కడ్డీ పట్టుకున్నాడు. కాసేపటికి, సంఘపెద్ద గొంతు తెచ్చుకుని, "ఇంకనైనా మలుపుల్లో మెల్లగా పోతానని మాటియ్యి" అన్నాడు.

కింద స్పానరు తిరగడం ఆగింది.

"గడ్డి ఉంటే పోతా" అంది మా వదిన.